నాలుగు చక్రాలూ నేల మీద

వర్క్‌షాప్ పైగది
ఎండలు మొదలైన వారం

వదినా,

ఉత్తరం టైపు చేశానని మూతి ముడవకు. నీతో పని పడింది, అందుకే పద్ధతిగా రాస్తున్నాను.

రెండేళ్ళుగా నేను బిగించుకుంటూ విప్పుకుంటూ కూర్చున్న బండి గురించి అన్నయ్య నీకు చెప్పే ఉంటాడు. తప్పుగానే చెప్పి ఉంటాడు కాబట్టి మళ్ళీ చెప్తాను. సరదాకి ఇంట్లోనే రోబోలు తయారుచేసుకునేవాళ్ళు ఉంటారు. ఒకరు దానికి కెమెరా పెట్టుకుంటారు, ఒకరు ఇనుప చెయ్యి తగిలిస్తారు, ఒకాయన పెరట్లో మొక్కలకి నీళ్ళు పోయించుకుంటాడు. పైన ఎవరిష్టం వాళ్ళది. కింద నడిచే భాగం మాత్రం అందరికీ కావాలి. దాన్నే చాసీ అంటారు. ఇప్పుడు దొరికేవన్నీ నున్నటి గచ్చు మీద తిరిగేవే, గడప అడ్డొస్తే ఆగిపోతాయి. నాది రాళ్ళూ రప్పలూ మట్టిగడ్డలూ ఏవొచ్చినా ఎక్కి దిగాలి.

కింద షాపు నడిపే మా ఓనరు ఒక షరతు పెట్టాడు. జన్మలో స్క్రూడ్రైవర్ పట్టని మనిషి ఎవరైనా, పెట్టెలో ఉన్న కాగితాలు చూసి దీన్ని బిగించి, నిజం రాళ్ళ మీద నడిపించాలట. నడిస్తే తయారీకి పంపుతాడు. లేకపోతే నా రెండేళ్ళ పనీ అటకెక్కుతుంది, నేను మళ్ళీ కౌంటర్లో నిలబడి బ్యాటరీలు అమ్ముకుంటాను.

అలాంటి మనిషి ఎవరా అని ఆలోచిస్తే నువ్వే గుర్తొచ్చావు. కోపం తెచ్చుకోకు. మీ ఇంటి వెనక ఆ రాళ్ళ వాలు కూడా ఉందిగా.

ఫోన్ మాత్రం చెయ్యకూడదు. నువ్వు అడిగితే నేను నోటితో చెప్పేస్తాను, అప్పుడు కాగితంలో తప్పు కాగితంలోనే ఉండిపోతుంది. ఎక్కడ ఆగిపోయావో ఉత్తరంలో రాయి. ఏదీ దాచకు. అన్నయ్య చెయ్యి పడకూడదు. లారీలు బాగుచేసే చెయ్యి అది, పరీక్ష చెల్లదు.

నీ ఆడపడుచు


వాలు మీది ఇల్లు, కుట్టుమిషన్ పక్కన

మా ఇనప్పిల్లకు,

నీ ఉత్తరం చూసి కరెంటాఫీసు వాళ్ళ నోటీసనుకుని మీ అన్నయ్య దాన్ని టీవీ వెనక దాచాడు. దుమ్ము దులుపుతుంటే బయటపడింది. చేతిరాతకి ఏం రోగమొచ్చిందే? కోడిగీతలే గాని అవి నీవని తెలిసేది.

ఆడబిడ్డ అర్ధమొగుడని పెద్దలు ఊరికే అనలేదు. ఉన్న మొగుడు చొక్కాకి గుండీ కుట్టమని ఊరుకుంటాడు. అర్ధమొగుడు పెట్టెడు ఇనుము పంపించింది. స్కూలు యూనిఫాంలు గుట్టగా పడున్నాయి, ఇంతలో నీ పెట్టె వచ్చి మిషన్ బల్ల సగం ఆక్రమించింది. అయినా చేస్తాలే. నన్ను తప్ప ఇంకెవర్ని అడిగినా ఊరుకునేదాన్ని కాదు.

పెట్టె విప్పుతుంటే ఒకటి గమనించాను. తాడు ముడి నీది కాదు. నేను ఈ ఇంటికి వచ్చేసరికి నీకు గుండీలు పెట్టుకోవడం కూడా రాదు. జేబుల నిండా మేకులూ బోల్టులూ వేసుకు తిరిగేదానివి, అవి ఏరితే గాని నీ గౌను ఉతకడానికి వీలయ్యేది కాదు. ఇనప్పిల్ల అన్న పేరు అప్పుడు పెట్టిందే. నీకు ముడి వెయ్యడం నేర్పింది నేను. లాగితే బిగిసి, కొస పట్టుకుంటే విడిపోయే ముడి. ఈ పెట్టెకి ఎవరో మెలి మీద మెలి వేసి పారేశారు, కత్తెర పెట్టాల్సొచ్చింది.

ఎవరు వేశారు?

వదిన


వర్క్‌షాప్ పైగది

వదినా,

పోలీసు కావాల్సినదానివి, పొరపాటున టైలరువయ్యావు. ముడి పక్కగది నర్సు వేసింది. నాకు తీరిక లేకపోయింది, అంతే.

బండి అడిగితే తాడు గురించి రాశావు. పని ఎందాకా వచ్చింది? వానలు పడేలోపు చెప్పెయ్యమంటున్నాడు ఓనరు. వానలొస్తే నీ వాలు జారిపోతుందని నా భయం కూడా.

నీ ఆడపడుచు


వాలు మీది ఇల్లు

ఇనప్పిల్లా,

చేశాను. చెడగొట్టాను. రెండూ రాస్తున్నాను, దాచొద్దన్నావుగా.

ముందు స్క్రూలన్నీ గుండుసూదుల డబ్బాలో పోశాను. ముక్కల్ని, చొక్కా కత్తిరించాక పరుచుకున్నట్టు, ముందువి ముందూ వెనకవి వెనకా పరిచాను. బొటనవేలంత మోటార్లు నాలుగు. గరుకు టైర్ల చక్రాలు నాలుగు. కింద రేకు రెండు సగాలుగా ఇచ్చావు, ముందు సగం, వెనక సగం, మధ్యలో ఒక బోల్టు. ఎర్ర తీగ ఎర్ర తీగకి, నల్లది నల్లదానికి. దారాలు రంగు కలిపి ఎక్కించే మనిషిని, అక్కడ తడబడలేదు.

మీ అన్నయ్య నా వెనకే నిలబడి "అది కాదే, ఇటు తిప్పు, ఆ వాషర్ చూడు" అంటూ ఒకటే గోల. కందకి లేని దురద కత్తిపీటకెందుకని, రెండు చేతుల్లో నూలు చుట్ట పెట్టి, చిక్కు తీస్తూ కూర్చోమన్నాను. బుద్ధిగా తీశాడు. లారీ ఇంజిన్ విప్పడం కంటే కష్టంగా ఉందట.

మధ్య బోల్టు దగ్గర మాత్రం కాస్త ఊగింది. నా చేతిలోంచి వెళ్ళే పనిలో వదులు ఉండదని నీకు తెలుసు. కాగితం మీద బిగించమనే ఉంది. మీ అన్నయ్య పెట్టెలోంచి పానా తీసుకుని, ఉన్న బలమంతా పెట్టి బిగించాను. పానా పట్టుకుంది నేనే, ఒట్టు.

ఇంట్లో భలే తిరిగింది! మిషన్ కిందకి దూరి, దారం కండె ఈడ్చుకుంటూ వంటింట్లోకి వచ్చింది. నేను అరిచిన అరుపుకి పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది. ఆ ఊపులోనే వాలు దగ్గరికి తీసుకెళ్ళాను.

మొదటి పెద్ద రాయి దగ్గరే అయిపోయింది. ముందు కుడి చక్రం రాయెక్కింది. ఎక్కగానే వెనక కుడి చక్రం గాల్లోకి లేచి, అక్కడే ఊరికే గిర్రున తిరగడం మొదలెట్టింది. బండి ముందుకీ పోదు, వెనక్కీ రాదు. నేను రిమోట్ మీద ఇంకో మీట నొక్కాను. వెల్లకిలా పడి వాలు కింద దాకా దొర్లింది.

దాన్ని తెచ్చుకుని మెట్ల మీద కూర్చుంటే ఏడుపొచ్చింది. నీకు చిన్నప్పుడు ఏదైనా పాడైతే నేనే కుట్టేదాన్ని, అతికేదాన్ని. ఇప్పుడు నా చేత్తోనే నీ రెండేళ్ళ పని అటకెక్కించానేమోనని భయంగా ఉంది. ఓనరుకి ఇంకా చెప్పకు.

వదిన


వర్క్‌షాప్ పైగది

వదినా,

ఏడవకు. నీ ఉత్తరం చదివి ఎగిరి గంతేశాను. తప్పు దొరికింది, అది నీది కాదు, నాది.

కాగితాల నిండా "బిగించండి", "బిగించండి" అని రాసుకుంటూ పోయాను. మధ్య బోల్టు దగ్గర కూడా అదే రాశాను. అది బిగించకూడదు వదినా. ఆ బండి కిటుకంతా అక్కడే ఉంది. ముందు సగం ఒక పక్కకి ఒరిగితే, వెనక సగం తన దారిన తను ఉండాలి. కుడి చక్రం రాయెక్కినప్పుడు ముందు భాగం ఒక్కటే ఒరుగుతుంది, వెనక చక్రాలు రెండూ నేల మీదే ఉంటాయి. నువ్వు పానాతో బిగించేసరికి రెండు సగాలూ ఒకే చెక్కయిపోయాయి. కాలు పొట్టిదైన బల్లలాగా ఎప్పుడూ ఒక కాలు గాల్లోనే.

నా దగ్గరికి రోబోలు కట్టేవాళ్ళు చాలామంది వస్తారు. వాళ్ళలో ఎవరికిచ్చినా ఆ బోల్టు వదిలెయ్యాలని చెప్పకుండానే తెలుసు కాబట్టి ఈ తప్పు ఎన్నేళ్ళకీ బయటపడేది కాదు. వదులు కనిపిస్తే ఊరుకోలేని మనిషి కావాల్సొచ్చింది.

చొక్కాకి చంక దగ్గర నువ్వు కొంచెం ఎక్కువ గుడ్డ వదుల్తావు కదా, చెయ్యెత్తడానికి. ఇదీ అంతే. చేత్తో తిప్పితే ఊగాలి, లాగితే ఊడకూడదు. ఈసారి బొమ్మలు గీయకుండా ఫోటోలు పెట్టి కొత్త కాగితాలు పంపిస్తున్నాను. మొత్తం విప్పేసి మొదటినుంచీ చెయ్యి. మబ్బు పడుతోంది, త్వరగా.

నీ ఆడపడుచు


వాలు మీది ఇల్లు, వాన ఆగాక

ఇనప్పిల్లా,

ఎక్కింది.

రాయెక్కింది, రాయి దిగింది, వేర్ల మధ్య దూరింది, నీళ్ళు పోయే గాడిలోకి దిగి అటువైపు లేచింది. ముందు సగం అటు వంగితే వెనక సగం ఇటు వంగుతూ, మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ మెట్లెక్కినట్టు, తొందరేం లేకుండా పైదాకా వెళ్ళింది. నాలుగు చక్రాలూ నేల మీదే. మీ అన్నయ్య చప్పట్లు కొట్టి, వెంటనే మొహం తిప్పుకున్నాడు. కళ్ళలో నలక పడిందట. ఓనరుకి చెప్పు, స్క్రూడ్రైవర్ పట్టని మనిషి నడిపిందని చెప్పు. కావాలంటే నేనే వచ్చి సాక్ష్యం చెప్తాను.

ఇక రెండో సంగతి.

నువ్వు పంపిన ఫోటోల్లో చేతులున్నాయి. స్క్రూ పట్టుకున్న చెయ్యి, నట్టు తిప్పుతున్న చెయ్యి. అన్నీ చూశాను, అవి నీవి కావు. నీ కుడి చూపుడువేలి మీద నా మిషన్ సూది దిగిన మచ్చ ఉంటుంది. ఆ రోజు నువ్వు ఏడవలేదు, నేనే ఏడ్చాను. ఈ ఫోటోల్లో వేలు నున్నగా ఉంది.

ముడి నువ్వు వెయ్యలేదు. ఉత్తరాలు చేత్తో రాయట్లేదు. ఇరవై ఏళ్ళనుంచీ ఏ స్క్రూకీ ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వని దానివి, ఫోటో కోసమైనా ఇంకొకరి చేతికి పని అప్పగించావు. ముక్కల్ని పక్కపక్కన పెడితే చొక్కా కనిపించడం నా వృత్తి.

నీ చేతికి ఏమైంది? నాకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్తావే?

వదిన


వర్క్‌షాప్ పైగది

వదినా,

ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

కిందటి ఏడాది చివర్లో మొదలైంది. ముందు స్క్రూలు జారిపడేవి. చెమటనుకున్నాను. తర్వాత కుడి బొటనవేలూ చూపుడువేలూ నా మాట వినడం మానేశాయి. చిన్న నట్టు పట్టుకున్నాననుకుంటాను, చూస్తే చేతిలో ఉండదు. మెడ దగ్గర నరం నొక్కుకుపోయిందట. ఆపరేషన్ చెయ్యాలన్నారు. నొప్పి పోతుందని మాట ఇచ్చారు, వేళ్ళ గురించి మాత్రం మాట ఇవ్వలేదు.

బండి పరీక్ష నీకు పంపింది షరతు కోసమే, అది అబద్ధం కాదు. కానీ అప్పటికే దాన్ని నేను బిగించలేని స్థితికి వచ్చేశాను. నేను చేసిన బండిని నేనే కట్టలేకపోతున్నాను వదినా. ఓనరుకి తెలిస్తే పని ఇంకొకరికి ఇచ్చేస్తాడని భయం. నీకు చెప్తే మిషన్ మీద గుడ్డ కప్పి పరిగెత్తుకొస్తావని ఇంకో భయం. యూనిఫాంలు ఆగిపోతాయి, అన్నయ్య కంగారు పడతాడు. నా పని నేను చేసుకోగలనని ఇన్నాళ్ళూ అందరికీ చెప్తూ వచ్చాను. అది పోయాక ఇంకేం చెప్పాలో తెలియలేదు.

నీ ఉత్తరంలో "ఎక్కింది" చదివి ఏడ్చాను. సంతోషానికీ, నేను చూడలేదని కూడా.

వచ్చే నెలలో ఆపరేషన్. నర్సు ఉంది, చూసుకుంటుంది. నువ్వు రావద్దు.

నీ ఆడపడుచు


వాలు మీది ఇల్లు

ఇనప్పిల్లా,

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. ఆర్నెల్లు! నిన్ను చూస్తే రెండు తిట్లు తిట్టాలనుంది, ఆ తిట్లు ఉత్తరంలో పట్టవు.

మిషన్ మీద గుడ్డ కప్పేశాను. యూనిఫాంలు పక్క వీధి టైలరు కుడుతుంది. మీ అన్నయ్యకి వంట నేర్పాను, అంటే గుడ్డు ఉడకబెట్టడం. వద్దని నువ్వు రాశావు, నేను చదివాను, అయిపోయింది.

ఓనరుకి మాత్రం నువ్వే చెప్పు. నేనొచ్చాక చెప్తే నా కొంగు చాటు నుంచి చెప్పినట్టుంటుంది. పెట్టె సర్దుకుంటున్నాను.

వదిన


వాలు మీది ఇల్లు, తిరిగొచ్చాక

ఇనప్పిల్లా,

అక్కడ నోటికి రానివి ఇక్కడికి వచ్చాక రాస్తున్నాను.

ఆపరేషన్ అయిన తర్వాత నువ్వు ఇంటికొచ్చి మొదటిసారి చొక్కా వేసుకున్న పొద్దున గుర్తుందా? నేను గుండీ పెట్టబోతే "నేనే పెట్టుకుంటా" అన్నావు. చిన్నప్పుడు కూడా అలాగే అనేదానివి, కానీ అప్పుడు నా చెయ్యి తోసేసి గుండీ తప్పుగా పెట్టుకుని నవ్వేదానివి. ఈసారి నవ్వలేదు. ఒక్క గుండీతో అంతసేపు కుస్తీ పట్టావు. నేను నా చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఏ పనీ చెయ్యకుండా అంత అలిసిపోవడం నాకు అదే మొదటిసారి.

పెట్టమని అడుగుతావేమోనని చూశాను. అడగలేదు. అడక్కుండా పెట్టేస్తే నీకు నచ్చదు. ఊరుకుంటే నాకు నచ్చదు. మూత తియ్యాలన్నా సీసా మోకాళ్ళ మధ్య ఇరికించుకుంటావు గాని "వదినా, ఇది తియ్యి" అనవు. నర్సు చెప్పింది, నేను రాకముందు ఆమె దగ్గర కూడా ఏదీ అడిగేదానివి కాదట. తాడు ముడి కూడా ఆమే చూసి, లాక్కుని వేసిందట.

నీకు సాయం చెయ్యాలని నాకుంది. నువ్వు చిన్నదానివని కాదు, చెయ్యి బాగాలేదని కూడా కాదు. నువ్వు నా దగ్గర పెరిగావు, నిన్ను చూడకపోతే నాకు తోచదు, అంతే. ఇది చెప్పడానికే వచ్చాను, చెప్పకుండానే బస్సెక్కేశాను.

వేళ్ళు ఎలా ఉన్నాయి? ఓనరు ఏమన్నాడు? నేనున్నన్నాళ్ళూ అడిగితే మాట మార్చావు.

వదిన


వర్క్‌షాప్ పైగది
చలి మొదలయ్యాక

వదినా,

చాలాకాలం రాయలేదు. రాయడానికి తగిన కబురు కోసం ఆగాను.

చూపుడువేలు తిరిగొచ్చింది. పూర్తిగా కాదు, సూదిలో దారం ఎక్కించలేను గాని కప్పు పట్టుకోగలను. బొటనవేలు రాలేదు. డాక్టరు ఇంకొంతకాలం చూద్దామంటాడు, కానీ ఆయన గొంతు విన్నాను. రాదు. మొదట్లో దాని మీద చాలా కోపంగా ఉండేది. ఇప్పుడు అలవాటు పడుతున్నాను. పడకపోతే ఏం చేస్తాను?

ఓనరుకి నువ్వు వెళ్ళిన మర్నాడే చెప్పాను. కౌంటరు వెనక నిలబడి అంతా విన్నాడు. "మరి ఆ బండి బిగించిందెవరు?" అన్నాడు. మా వదిన అన్నాను. "కాగితాలు చూసేనా?" అన్నాడు. కాగితాలు చూసే, మొదటిసారి తిరగబడింది, రెండోసారి ఎక్కింది అన్నాను. నువ్వు వచ్చినప్పుడు నా ఫోన్లో ఎక్కించి వెళ్ళిన వీడియో చూపించాను. అందులో అన్నయ్య చప్పట్లు, పక్కింటావిడ కేకలు అన్నీ వినిపించాయి. ఆయన అది రెండుసార్లు చూసి, "తయారీకి పంపిద్దాం. పని నీదే, వేళ్ళు ఎవరివైతే నాకేం" అన్నాడు. ఇన్నాళ్ళు భయపడింది ఈ మనిషికా అనిపించింది.

పంపించే ముందు ఒక మార్పుకి నేనే గడువు అడిగాను. చిన్న స్క్రూలన్నీ తీసేశాను. వాటి బదులు నీ మిషన్ మీద సూది బిగించే స్క్రూ ఉంటుంది చూడు, అలా వేళ్ళతో తిప్పడానికి వీలుగా పెద్ద తలకాయ ఉన్నవి పెట్టాను. నట్లు ఎవరూ పట్టుకోనక్కర్లేకుండా రేకులోనే కూర్చునేలా చేశాను. నాలాంటి చెయ్యి ఉన్నవాళ్ళు కూడా రోబోలు కట్టుకోవాలనుకుంటారు కదా. వాళ్ళ గురించి ఇంతకుముందు నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

నిన్న మొదటినుంచీ నేనే బిగించాను వదినా. ఎడమ చేత్తో, కుడి చేతి మూడున్నర వేళ్ళ సాయంతో. మోటార్లు, తీగలు, మధ్య బోల్టు, బ్యాటరీ డబ్బా, అన్నీ. ఏడాదిగా చెయ్యలేని పని చేశాను. కిటికీ తెరిచి అరవాలనిపించింది.

ఒక్కచోట ఆగిపోయాను. నీకు పంపినప్పుడు టైర్లు చక్రాలకి తొడిగే ఉన్నాయి. ఇప్పుడు పెట్టెలో పట్టదని విడిగా వస్తున్నాయి. టైరు సాగదీసి చక్రం అంచు మీదికి ఎక్కించాలి. పళ్ళతో పట్టుకున్నాను, మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాను, తలుపు సందులో కూడా ఇరికించి చూశాను. ఎక్కలేదు. దానికి ఏదైనా కొత్త సాధనం తయారుచెయ్యాలని కాగితం తీసుకుని గీస్తూ కూర్చున్నాను. గీసింది కొట్టేశాను, మళ్ళీ గీశాను, మళ్ళీ కొట్టేశాను.

ఆఖరికి ఆ మెట్టు దగ్గర ఇలా రాశాను: "దీనికి ఇంకొకరు కావాలి. పిలవండి."

ఓనరు చదివి, ఇది కూడా రాయాలా, ఎవరికైనా తెలిసిందేగా అన్నాడు. తెలియనివాళ్ళు ఉంటారండీ, ఆ మాట ఉండనివ్వండి అన్నాను.

టైర్లు లేని చక్రాలు నాలుగూ నా బల్ల మీద ఉన్నాయి. నర్సు వచ్చి ఎక్కిస్తానంది, వద్దన్నాను. ఇవి నీకోసం ఉంచాను.

ఎప్పుడొస్తావు వదినా?

నీ ఇనప్పిల్ల